తీయండి అన్నాను, తీసేయండి అనలేదు

2025 మార్చి 11, మంగళవారం.

ఈ వీలునామా ఈరోజే రాయడానికి కారణం ఉంది. ఎల్లుండి గురువారం పొద్దున ప్లంబర్ వస్తున్నాడు. వంటింటి పక్కనున్న వేడినీళ్ళ బాయిలర్‌ని నేలమాళిగలోకి దింపుతారట, దానికి కొలతలు తీసుకుంటాడట. ఈ సంగతి ఇంట్లోవాళ్ళెవరూ నాతో అనలేదు. ప్లంబరే ఫోన్ చేసి, "మామ్మగారూ, కిందున్న సీసాల చెత్త కాస్త ఖాళీ చేయించి పెట్టండి, నాకు కాలు పెట్టే చోటుండాలి" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతను విన్న మాటే అన్నాడు. చెత్త అన్న మాట అతనికి ఎవరు అందించారో నాకు తెలుసు.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫురీడరుగా పనిచేసి రిటైరైనదానను, ఈ ఇంటి హక్కుదారును, ఒక కొడుకుకు, ఒక కూతురికి తల్లిని, ఒక మనవరాలికి నాన్నమ్మను. పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. నాకు విరిగింది తుంటి ఎముక, అదీ అతుక్కుంది. బుర్ర సవ్యంగానే ఉందని డాక్టరు చేత రాయించి దీనికి జత చేశాను. ఎందుకంటే ఇది చదివాక నా కొడుకు మొట్టమొదట అడగబోయేది అదే. ఒత్తిడి లేదు గాని కోపం ఉంది. కోపంతో రాస్తే చెల్లుతుందా అని వకీలుని అడిగాను. "చదవడానికి వీలుగా రాస్తే చెల్లుతుందమ్మా" అన్నాడు. నా దస్తూరికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దు. అందులో "పెద్దవాడికి ఏది మంచిదని తోస్తే అలా చేయవచ్చును" అనే వాక్యం ఒకటుంది. రాసింది నేనే కాబట్టి కొట్టేసే హక్కూ నాదే.

1. మాటలకు అర్థాలు

ఈ కాగితంలో "తీయుట" అనగా సీసా బిరడా తీసి, గ్లాసుల్లో పోసి, కూర్చున్న మనుషుల చేతికి అందించుట. "తీసివేయుట" అనగా పారవేయుట. నోటిమాటలో తీయండికీ తీసేయండికీ మధ్య ఉన్నది ఒక్క "సే". ఆ ఒక్క అక్షరం వల్ల ఈ ఇంట్లో ఏం జరిగిందో రెండో క్లాజులో రాశాను.

"పాతది" అనగా ఏళ్ళు గడిచినది. "పాడైనది" అనగా చెడిపోయినది. రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. వాటి మధ్య చుట్టరికం అంతవరకే.

"పెద్దవాడు" అనగా నా కొడుకు. ఒక్కడే కొడుకైనా కూతురికంటే ముందు పుట్టాడు కాబట్టి ఆ పిలుపు. బయట వాడికి "గడువు" అని పేరు. ఆహార తనిఖీ అధికారి. కొట్టు కొట్టుకీ వెళ్ళి పొట్లాల మీద తేదీలు చూసి, గడువు దాటినవి పారబోయించడం వాడి ఉద్యోగం. బాగా చేస్తాడని పేరుంది. ఆ ఉద్యోగాన్ని ఇంట్లోకి తెచ్చుకోవద్దని ఎన్నోసార్లు చెప్పాను.

2. జరిగినది

మా ప్రెస్సు ఒక వైన్ కంపెనీకి లేబుళ్ళు అచ్చువేసేది. మావారు యంత్రం నడిపేవారు, నేను ప్రూఫులు దిద్దేదాన్ని. ఆ కంపెనీ చేసేది తెల్ల వైన్, అదీ అన్నిట్లోకీ చవకరకం. పళ్ళు జివ్వుమనే పులుపు. వేసవిలో మంచుముక్కలు వేసుకుని తాగి, తాగినట్టు కూడా మర్చిపోయే సరుకు. లేబులు అడుగున చిన్న అక్షరాల్లో "సీసాలో నింపిన ఏడాదిలోపు తాగవలెను" అని ఉండేది. ఆ వాక్యం ఎన్నిసార్లు నా చేతిమీదుగా పోయిందో! పోయిన ప్రతిసారీ కింద సంతకం పెట్టాను. అక్షరదోషం లేదని పెట్టాను. అది నిజమని పెట్టలేదు.

ప్రెస్సుకు వచ్చిన ఆఖరి పని కూడా ఆ లేబులే. ఆ వారం నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. "తెల్ల వైన్" అని ఉండాల్సిన చోట "తల్లి వైన్" అని పడింది. ఒక్క మాటలో రెండు తప్పులు. సీసాలకు అంటించేదాకా ఎవరి కంటా పడలేదు. ఆ సరుకు మాకొద్దు పొమ్మంది కంపెనీ. ప్రెస్సు మూసిన రోజున యజమాని ఆ పెట్టెల్నే మాకందరికీ పంచి చేతులు దులుపుకున్నాడు. మిగతావాళ్ళు ఆ వేసవిలోనే తాగేశారు. మా పెట్టెలు నేలమాళిగలో బొగ్గు బస్తాల వెనక్కి చేరాయి. వాటి సంగతే మేం మర్చిపోయాం.

మళ్ళీ కంటబడింది ఆరేళ్ళ తర్వాత, బొగ్గు పొయ్యి తీసేసినప్పుడు. (తీసేసినప్పుడు. ఇక్కడ ఈ మాట సరైనదే.) మావారు ఒక సీసా తీశారు. గడ్డిరంగు పోయి బంగారురంగు తిరిగింది. పాడైందేమోనండీ అన్నాను. ఆయన వాసన చూసి, మెట్ల మీద కూర్చుండిపోయి, గ్లాసు నా చేతికిచ్చారు. తేనె, మైనం, ఎండిన నారింజ తొక్క. నోట్లో పోసుకుంటే తీపి మాత్రం లేదు. మునుపటి పులుపే, కాకపోతే కోపం చల్లారిన పులుపు. నాకు ఇంత వయసు వచ్చినా అంతటి నెమ్మది రాలేదు.

అప్పటినుంచి ఏటా కొన్ని చవక సీసాలు కొని కింద పడుకోబెట్టడం మాకు అలవాటైంది. నున్నగా, ఘుమఘుమలాడుతూ ఉండేవి నిలవవు, రెండేళ్ళకే నీరసపడతాయి. మొహం చిట్లించేలా పుల్లగా ఉన్నవే నిలుస్తాయి. వీధి చివర కొట్టాయన ప్రతిసారీ, "పెద్దమ్మగారూ, ఇది ఈ వేసవిలోనే తాగెయ్యాలండీ" అంటాడు. ఏ వేసవి అన్నది నేను చూసుకుంటాను, నువ్వు సంచిలో పెట్టు అంటాను. అన్నీ బతుకుతాయని నేను ఎన్నడూ చెప్పలేదు. కొన్ని టీ నీళ్ళ రంగుకు తిరిగి, చెమ్మ అట్టపెట్టె వాసన కొట్టి చస్తాయి. చచ్చినదాన్ని చచ్చిందని చెప్పడానికి నాకు లేబులు అక్కర్లేదు, ముక్కుంది.

ప్రెస్సు మూతబడిన తేదీన పాత సిబ్బంది ఏటా మా ఇంట్లో కలుస్తారు. ఆరోజు తల్లి వైన్ తీస్తాం. ఆ పేరుతోనే పిలుచుకుంటాం, ఇప్పుడది తప్పుగా కూడా అనిపించదు. మావారు పోయిన ఏడు కూడా మానలేదు. ఈ ఏటికి కింది అరలో ఆరు సీసాలు మిగిలాయి. మా ప్రెస్సు ఫోర్‌మన్‌గారి ఆరోగ్యం క్షీణించింది కాబట్టి ఆరూ ఈసారే తీసేద్దాం, అంటే తీసి తాగేద్దాం, అని అనుకున్నాం. ఈలోగా నేను స్నానాలగదిలో జారిపడి ఆస్పత్రి పాలయ్యాను.

కలిసే రోజుకి ముందు సాయంత్రం ఆస్పత్రి నుంచి పెద్దవాడికి ఫోన్ చేశాను. నర్సు ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది. "రేపు మావాళ్ళొస్తారు. నేను లేనని ఆపకండి. కింది అరలో పాతవున్నాయి, అవి తీయండి" అన్నాను. నర్సు నవ్వి, "మంచం మీంచి లేవకుండానే విందు చేస్తున్నారే మామ్మగారూ!" అంది. అంటే ఆ పిల్లకి అర్థమైంది. నా కడుపున పుట్టినవాడికి కాలేదు.

వాడు కింది అర ఖాళీ చేసి, పెరటి తూము దగ్గర సీసాలు వంపేశాడు.

మర్నాడు ఫోర్‌మన్‌గారిని కుర్చీతో సహా నలుగురు ఎత్తి గుమ్మం దాటించారట. వాళ్ళ చేతుల్లో పెట్టింది అట్టడబ్బాలోంచి వంచిన పళ్ళరసం. గడువు తేదీ చూసి మరీ పోశాడట. అందరూ మర్యాదకు తాగి, నన్ను అడిగామని చెప్పమని, చీకటి పడకముందే వెళ్ళిపోయారు. తర్వాత ఫోర్‌మన్‌గారు ఆస్పత్రికి ఫోన్ చేశారు. "ఏమ్మా ప్రూఫూ, రసం బాగుంది. మన వైన్ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు, రసమేమిటి అన్నాను. ఆయన మాట మార్చి నా తుంటి గురించి అడిగారు. వచ్చే ఏడు అన్న మాట ఆయన నమ్మి అనలేదు, నేనూ నమ్మి వినలేదు.

ఇంటికొచ్చాక చేతికర్ర పక్కన పడేసి, మెట్టుమెట్టుకీ కూర్చుంటూ నేలమాళిగలోకి దిగాను. కింది అర తుడిచిపెట్టి ఉంది. కిందినుంచే కేకేసి అడిగితే పెద్దవాడు అన్న మాట: "అమ్మా, నువ్వేగా పాతవి తీసేయమన్నావు? మత్తు మందులో ఉన్నావు, నీకు గుర్తులేదు." ఆ తర్వాత ఇంకోటి: "అయినా సీసా మీదే రాసుంది కదా, ఏడాదిలోపు తాగాలని. అచ్చేసింది మీరేగా!"

అక్షరానికీ అక్షరానికీ తేడా చూసి జీతం తీసుకున్నదాన్ని. తీయండి అనబోయి తీసేయండి అనే రకాన్ని కాను.

3. ఇల్లు, నిల్వ డబ్బు

ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ కొడుకుకూ కూతురికీ సమానంగా చెందవలెను. ఇందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. లెక్కలన్నీ సరిగా ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. నేలమాళిగా, అందులోని సీసాలూ, వాటి తాళంచెవీ ఈ పంపకంలోకి రావు. వాటి సంగతి తొమ్మిదో క్లాజులో ఉంది. ముందే అక్కడికి గెంతవద్దు, వరసగా చదవండి.

4. నా కూతురికి

మావారి చేతిగడియారం, నా ఉన్ని శాలువ, కిటికీ పక్కనుండే నా కుర్చీ. నేను ఆస్పత్రిలో ఉండగా ఆ కుర్చీని కూడా వెనక గదిలోకి నెట్టారు. దాన్ని మళ్ళీ కిటికీ దగ్గర వేయించాకే తీసుకెళ్ళాలి. అమ్మాయీ, నీకు సాలెపురుగులంటే భయం, చిన్నప్పటినుంచి ఆ మెట్లు దిగలేదు. భయపడినందుకు నాకేం కోపం లేదు. "అమ్మ కింద పాత సారా దాచుకుంటుంది" అని నీ స్నేహితులతో నవ్వుతూ చెప్పుకున్నందుకు ఉంది. అది నా చెవిన పడింది. శాలువ మాత్రం చలికాలంలో తప్పకుండా కప్పుకో, నీకు దగ్గు త్వరగా పడుతుంది.

5. మా అల్లుడికి

ఆయన నా పుట్టినరోజుకు తెచ్చిచ్చిన కరెంటు వైన్ బీరువా. అట్టపెట్టె విప్పకుండా అలాగే ఉంది, ఆయనకే తిరిగి చెందవలెను. అల్లుడుగారు సీసాకు ఎన్ని మార్కులొచ్చాయో పుస్తకంలో చూసుకునిగాని గ్లాసు ఎత్తరు. నా వైన్ ఒక గుక్క తాగి, "వంటలోకి బాగుంటుందండీ అత్తయ్యగారూ" అన్నారు. ఆరోజు ఆయన పళ్ళెంలో ఉన్న వంటలో నిజంగానే అది పోశాను. మూడుసార్లు వడ్డించుకున్నారు. అందువల్ల ఆ మాట ఆయన దగ్గర నేను పొగడ్తగానే స్వీకరించాను.

6. నా కోడలికి

వంటింటి సామానంతా, గాజు జాడీలతో సహా. ఆరోజు ఖాళీ చేసిన ఐదు సీసాల లేబుళ్ళూ నువ్వు వేణ్ణీళ్ళలో నానబెట్టి ఊడదీసి, కిటికీలో పచ్చతీగలు పెట్టుకున్నావు. మీ మామగారి చేత్తో అచ్చయిన ఆఖరి కాగితాలవి. మురికి నీళ్ళతో పాటు పోయాయి. అడిగితే, "ఎంత బాగున్నాయో చూడండి అత్తయ్యా, ఎండ పడితే మెరుస్తున్నాయి" అన్నావు. బాగున్నాయి, కాదనను. అందుకే ఇంకా కోపం. తీగలకి నీళ్ళు మార్చటం మర్చిపోవద్దు. ఆ సీసాల్ని ఇంకోసారి పారేస్తే మాత్రం నేను ఊరుకోను, ఎక్కడున్నా సరే.

7. నా మనవరాలికి

నా ఎర్ర పెన్సిళ్ళ డబ్బా, భూతద్దం, నిఘంటువులు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా నీదే. నీకు ఇరవై ఆరేళ్ళు, ఉద్యోగం ఉంది, ఈ ఇంట్లో ఎదురు ప్రశ్న వేసేది నువ్వొక్కదానివే. నువ్వు ఫోనులో పంపే సందేశాల్లో గుడులూ కొమ్ములూ ఉండవు. అవి చదవడానికే నేను భూతద్దం వాడుతూ వచ్చాను, అది తప్పులు పెద్దవి చేసి చూపించింది గాని దిద్దలేదు. "నాన్నమ్మా, అర్థమైతే చాలు కదా!" అంటావు. చాలదు. అర్థమైందనుకున్నవాడు ఐదు సీసాలు తూములో పోశాడు.

8. మా ఫోర్‌మన్‌గారికి, దర్జీగారికి

ఫోర్‌మన్‌గారికి: తల్లి వైన్ లేబులు ఒకటి. ఇక మిగిలింది అదొక్కటే. అది ఎలా మిగిలిందో తర్వాతి క్లాజులో రాశాను. దాన్ని సీసా మీదినుంచి ఊడదీయకుండా సీసాతో సహా ఇవ్వాలి. అక్షరాలు పేర్చిన చెయ్యి ఆయనదే. "సెలవు పెట్టింది నువ్వు, తప్పు పెట్టింది నేను, చెరిసగం" అని ఏటా అంటారు. నేను ఒప్పుకోను. నా వాటా సగం కాదు, సున్నా.

ఇంటి వెనకాల ఉండే దర్జీగారికి: ఏమీ లేదు. ఆయన దీనికి సాక్షి, సాక్షికి ఏదీ రాయకూడదని వకీలు చెప్పాడు. అందుకని ఇవ్వదలిచింది ముందే ఇచ్చేశాను. ఈ కాగితం మొదలుపెట్టేముందు పై అరలోంచి పదకొండేళ్ళది ఒకటి తెప్పించి ఇద్దరం తీశాం. ఆయన ప్రతిదానికీ ఒకే మాట అంటారు, "ఇప్పుడే ఇస్త్రీ చేసిన ఉన్ని కోటు వాసనండీ అక్కయ్యగారూ" అని. ఈసారి నాకూ అలాగే అనిపించింది. ఆయనకు చెప్పలేదు.

9. నేలమాళిగ

ఇప్పుడు పెద్దవాడా, నీ సంగతి.

దర్జీగారి కుట్టుమిషన్ పెరటివైపు కిటికీ దగ్గరుంటుందని నీకు తెలుసు, అయినా ఆరోజు గుర్తురాలేదు. ఆయన చూశారు. నేను ఇంటికొచ్చాక, ఎంతో వెనకాముందూ ఆడి, నాతో చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "ఐదు సీసాలు గబగబా వంపేశాడండీ. వీధంతా తేనెతుట్టె కదిపినట్టు వాసన. ఆరోది వంపబోతూ ఆగాడు. తడి చెయ్యి వాసన చూసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. చప్పుడైతే లోపలికి పోతాడని నేను మిషన్ ఆపేశా. సీసా ఎత్తి ఓ గుక్క తాగాడు. కాసేపాగి ఇంకో గుక్క. తర్వాత సీసా పట్టుకుని కిందికెళ్ళాడు. నేలమాళిగ పెరటివైపు తలుపు తెరిచే ఉంది. మెట్ల మీద కూలబడి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడండీ."

ఆ ఆరో సీసా నాకు దొరికింది. పై అర వెనక, గోడవైపు, బిరడా వేలితో నొక్కి పెట్టి ఉంది. మట్టం రెండు వేళ్ళు తగ్గింది. అచ్చుకాగితంలో ఊడిన చుక్కను పట్టుకునే కళ్ళకి రెండు వేళ్ళు ఆనవనుకున్నావా? గ్లాసులో పోసి చూశాను. గాలి తగిలి అప్పటికే చచ్చిపోయింది. తీసిన రోజున తాగాల్సింది అది. నువ్వు దాచి చంపావు.

తప్పుగా విన్నావని నాకు కోపం లేదు. తప్పుగా వినటం ఎవరికైనా జరుగుతుంది, అలాంటివి దిద్దుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచింది. నా కోపం ఆ రెండు గుక్కల మీద. రుచి చూశావు. బాగుందని తెలిసింది. ఐదు సీసాలతో ఏమి పోయిందో ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకొకరికి తెలిసిందీ అంటే అది నీకే. తెలిసి, మర్నాడు మావాళ్ళకి పళ్ళరసం పోశావు. ఆస్పత్రికొచ్చి నా మంచం పక్కన కూర్చుని ద్రాక్షపళ్ళు కడిగి ఒక్కొక్కటే నా నోట్లో పెట్టావు గాని నీ నోరు విప్పలేదు. ఇప్పుడు బాయిలర్ కిందికి దింపిస్తున్నావు. వంటింటి పక్కన చోటు చాలక కాదురా. ఆ గది ఉన్నంతకాలం ఆ మెట్లుంటాయి. ఆ మెట్ల మీద నువ్వు కూర్చున్న సంగతి ఉంటుంది. బాయిలర్ వేడికి మిగతా సీసాలన్నీ నెలల్లో చచ్చిపోతే, ఇక అడిగేవాళ్ళుండరు.

రెండు వారాలు ఎదురుచూశాను, నువ్వే వచ్చి చెబుతావని. రోజూ పొద్దున్నే మందులిచ్చి, "అమ్మా, ఇంకేమైనా కావాలా?" అని అడిగావు. కావాల్సింది అదే.

కాబట్టి నిన్ను తప్పించి అందరికీ పంచేద్దామని మొదట రాశాను. ఆ కాగితం చించేశాను. నా కూతురు ఒక్క సీసా కూడా పారబోయదు, ఒక్కటీ తాగదు. అల్లుడు మార్కులు వెతుకుతాడు, దొరకవు. మనవరాలికి నేర్పాల్సినదంతా అయింది. ఆ వాసనకి మెట్ల మీద కూలబడ్డది ఈ ఇంట్లో ఇద్దరే, నువ్వూ, మీ నాన్నా. ఆయన కూర్చున్న మెట్టు పైనుంచి నాలుగోది. నువ్వు ఎక్కడ కూర్చున్నావో దర్జీగారిని అడిగాను గాని కిటికీలోంచి అంత ఆనలేదట.

నేలమాళిగ, అందులోని సీసాలన్నీ, తాళంచెవీ నా కొడుకుకే చెందవలెను. తాళంచెవి నా కళ్ళజోడు పెట్టెలో ఉంది. ఇందుకు షరతులు:

(అ) ఆ గదిలోకి బాయిలర్ గాని, పొయ్యి గాని, వేడి పుట్టించే ఇంకే వస్తువు గాని రాకూడదు. నీ ఆఫీసు కాగితాలు కూడా.

(ఆ) సీసాలు పడుకునే ఉండాలి, బిరడా తడారకూడదు. వాటి గడువు తేదీలు చూడటం నీకు నిషేధం. రంగు చూడు, వాసన చూడు, ఆ తర్వాత నాలుకను నమ్ము.

(ఇ) ప్రెస్సు మూతబడిన తేదీన ఏటా మావాళ్ళలో ఎంతమంది మిగిలితే అంతమందినీ పిలిచి, కింది అరలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది నీ చేత్తో తీయాలి.

(ఈ) ఏటా ఒక పెట్టె చవక తెల్ల వైన్ కొని పై అరలో పెట్టాలి. అది పాతబడే నాటికి నీకు ముసలితనం వస్తుంది. అప్పుడు నిన్ను ఎవరు ఎలా వింటారో చూసుకో.

వీటిలో ఏది తప్పినా సీసాలన్నీ మా ప్రెస్సువాళ్ళకి పోతాయి, నేలమాళిగ తాళంచెవి దర్జీగారి దగ్గరుంటుంది. తాళం కాపలా కానుక కిందికి రాదని వకీలు ఒప్పుకున్నాడు.

ఇక జరగవలసినవి, వరసగా:

1. గురువారం ప్లంబర్ వచ్చినప్పుడు పెద్దవాడే గుమ్మంలో నిలబడి, బాయిలర్ ఉన్నచోటే ఉంటుందని చెప్పాలి. ఇది నేను బతికుండగా జరగాల్సింది, కాబట్టి ఈ కాగితం నకలు రేపు పొద్దున మందులతో పాటు వాడి చేతికే ఇస్తాను.

2. ఈ ఆదివారం ఫోర్‌మన్‌గారి ఇంటికి పెద్దవాడు స్వయంగా వెళ్ళాలి. కింది అరలో ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటికి పై అరలోని పద్నాలుగేళ్ళవి దించి, వాటిలో రెండు తీసుకెళ్ళాలి. కారులో ఊగకుండా ఒళ్ళో పెట్టుకోవాలి. వచ్చే ఏడు దాకా ఆగొద్దు.

3. అక్కడ ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాలి, రెండు గుక్కలతో సహా. నాకు చెప్పకపోయినా పర్వాలేదు, నాకు తెలుసు.

4. నేను పోయాక ఈ వీలునామాను మనవరాలు అందరి ముందూ పైకి చదవాలి. మొదటి క్లాజు రెండుసార్లు.

5. పళ్ళరసం ఎవరికీ పోయకూడదు.

6. నా గదిలోని పాత వస్తువులు, అంటే బట్టలు, మందులు, చేతికర్ర, ఆస్పత్రి కాగితాలు, ఏదీ దాచుకోకుండా తీసేయండి.

7. కింది అరలో పాతవున్నాయి, అవి తీయండి. పెద్దవాడా, ఈసారి సరిగ్గా విను.

పై సంగతులన్నీ నేనే రాసి, రెండుసార్లు చదివి, తప్పులు లేవని చూసుకుని సంతకం పెట్టాను. ఈసారి నిజమని కూడా పెట్టాను.

2025 మార్చి 11

(సంతకం)
ప్రూఫురీడరు, రిటైర్డ్

సాక్షులు:
1. ఇంటి వెనక దర్జీ (సంతకం)
2. వీధి చివర కొట్టు యజమాని (సంతకం)